సారెకొండ మీద కోట

విశ్వంభర శాస్త్రిగారి నోట "తెలియదు" అన్న మాట ఎవరూ విని ఎరగరు. గ్రహణం ఎందుకు పడుతుంది, ఏనుగు ఎన్నేళ్లు బతుకుతుంది, ఏ కోట ఎవరు కట్టారు, ఏ దేవుడికి ఏ పువ్వు ఇష్టం, ఏదడిగినా జవాబు నాలుక మీదే ఉండేది. అందుకే ఊరికి బావి ఎక్కడ తవ్వించాలో కూడా రాజుగారు ఆయన్నే అడిగారు. శాస్త్రిగారు తడుముకోకుండా కుమ్మరివాడ చూపించారు. అక్కడి ఇళ్లు తీసెయ్యమని ఆజ్ఞ అయింది.

మర్నాడు కుమ్మరి గురువమ్మ సభకొచ్చి దణ్ణం పెట్టింది.

"మా ఇళ్లు పోతే పోనీ ప్రభూ. పోయేముందు శాస్త్రిగారిని ఒక్క సంగతి అడగనివ్వండి. స్వామీ, సారెకొండ మీద కోట ఎవరు కట్టించారు?"

"గజభీమరాయుడు. శత్రువుల భయంతో కట్టించాడు," అన్నారు శాస్త్రిగారు.

"అక్కడ వెలిసిన దేవుడెవరు స్వామీ?"

"నరసింహస్వామి. ఆ కొండ మీద పూసే తెల్లసంపెంగంటే ఆయనకు ప్రాణం."

రాజుగారు మురిసిపోయారు. "భలే! ఆ కొండ ఎక్కడుందమ్మా? మేమూ దర్శనం చేసుకుంటాం."

"ఎక్కడా లేదు ప్రభూ. పొద్దున సారె మీద కుండ చేస్తూ ఆ పేరు నేనే పెట్టాను."

శాస్త్రిగారు ఉత్తరీయం సర్దుకున్నారు.

"లేని కొండ మీద కోట కట్టి, దేవుణ్ణి నిలిపి, పూలు కూడా పూయించారు. మా ఇళ్ల కింద నీళ్లు పుట్టించడం ఆయనకెంత పని?" అంది గురువమ్మ.

రాజుగారు అటు తిరిగారు. "శాస్త్రీ, నిజం చెప్పు. అక్కడ నీళ్లున్నాయా?"

శాస్త్రిగారు తల వంచుకుని, "తెలియదు ప్రభూ," అన్నారు.

"ఈ జవాబు నమ్మొచ్చు ప్రభూ," అంది గురువమ్మ.