మిణుగురుల పేజీ

ప్రణతి ఆ నవలను రెండు రోజుల్లో చదివేసింది. జపాన్‌లో నూరేళ్ల కిందటి ఒక గెయిషా కథ. ఆటపాటలతో విందులు రక్తి కట్టించే ఆడవాళ్లను అక్కడ గెయిషాలంటారు. తొమ్మిదేళ్ల పిల్లను కన్నవాళ్లే అమ్మేయడంతో మొదలైంది కథ. చదివినంతసేపూ ప్రణతి ఏడుస్తూనే ఉంది.

మూడో రోజు మండపేటలో నాట్యం పాఠం. గురువు రాజామణి గారికి డెబ్బై దాటాయి. కళావంతుల ఇంట పుట్టి, ఆ రోజుల్లో పెళ్లిళ్లకు మేజువాణీలు ఆడిన మనిషి. ఆవిణ్ణి చూడగానే ప్రణతికి నవల్లోని పిల్లే గుర్తొచ్చింది. అడుగు పడలేదు.

"ఏమైందే?"

ప్రణతి నవల సంగతంతా చెప్పింది. "మీ బతుకేమిటో నాకిప్పుడు తెలిసింది మామ్మగారూ. మిమ్మల్ని చూస్తే ఎంత జాలేస్తోందో!"

రాజామణి గారు తాళం వేసే తట్టుకర్ర పక్కన పెట్టారు.

"కష్టాలు పడ్డాం. పడలేదని ఎవరన్నారు? పుస్తకం తెచ్చావా? ఆ పిల్ల నాట్యం ఆడిన పేజీ చదువు."

ప్రణతి వెతికింది. అమ్మేసిన పేజీకి మూల మడిచి ఉంది. దెబ్బలు తిన్న పేజీకీ, ప్రియుడు వెళ్లిపోయిన పేజీకీ కూడా. ఆడిన పేజీ మాత్రం దొరకలేదు.

"అవి దాటేశానండి," అంది మెల్లిగా. "తర్వాత ఏమవుతుందోనని తొందర."

"నేనెక్కడికీ పోనులే. వెతుకు."

చివరికి దొరికింది. గెయిషా విసనకర్రతో మిణుగురుల్ని పట్టే ఆట. ప్రణతి చదవసాగింది. రాజామణి గారు చాప మీద కూర్చున్నచోటే కొంగు సర్దుకున్నారు. మడిచిన అరచెయ్యి విసనకర్రయింది. కళ్లు ఒక మిణుగురు వెంట పడ్డాయి. అది తప్పించుకుంది. ఆవిడ పెదవి కొరికారు. మళ్లీ మాటు వేశారు. పట్టేశారు! గుప్పిట్లో అది చక్కిలిగిలి పెడుతుంటే పదేళ్ల పిల్లలా పకపకా నవ్వి, వేళ్లు విప్పి వదిలేశారు.

అది ఎటు పోయిందోనని ప్రణతి తల తిప్పి గోడ వైపు చూసింది.

చూసి, సిగ్గుపడి, నవ్వేసింది. ఇద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నారు.

"ఇంకెన్ని పేజీలు దాటేశావే?"

"ఓ పాతిక ఉంటాయండి."

"అయితే లే. ఆ గజ్జెలు ఇలా పట్టుకురా."