బీరయ్య మగ్గం గుంట

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. పిచ్చయ్యగారు ఆ మాట బాగా వంటబట్టించుకున్నారో ఏమో, శిష్యులు ఏమడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాంలే" అనేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి వారం పట్టేది, ఒక్కోసారి ఏడాది. పగలంతా మగ్గం నేసి, ఏకాదశినాడు సాయంత్రం తన వసారాలో నలుగురికీ తత్వాలు వినిపించే గురువు ఆయన.

ఒక ఏకాదశినాడు అందరూ వెళ్ళిపోయినా సామ్రాజ్యం కూర్చునే ఉంది. నలభై దాటిన మనిషి. మగడు పోయాక పుట్టింటికి వచ్చి, తండ్రి బీరయ్యకు కండెలు చుట్టిపెడుతూ ఇరవయ్యేళ్ళు గడిపింది. ఆ బీరయ్య పోయి పది నెలలైంది. ఇప్పుడు ఆయన మగ్గం మీద ఆమే నేస్తోంది.

"అయ్యగారూ, తండ్రి పోతే మనుషులు మారిపోతారంటారు గదా. నేనూ మారాననే అనుకున్నా. నాన్న లేచే వేళకే లేస్తన్నా. నాన్నలాగే శనివారం ఒంటిపూట ఉంటన్నా. మగ్గం మీద దెబ్బ కూడా ఆయన కొట్టినట్టే కొడతన్నా. పేటంతా అచ్చం బీరయ్యే అంటన్నారు. మరి లోపల నాకింత చీకటిగా ఎందుకుందండీ?"

"చూద్దాంలే" అన్నారు పిచ్చయ్యగారు.

సామ్రాజ్యం చెప్పని సంగతి ఒకటుంది. వరసగా మూడు చీరలు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా దిగాయి. మగ్గం మీదున్న చీర కూడా అలాగే వస్తే ఇక నూలు ఇవ్వనని షావుకారు ముఖం మీదే చెప్పాడు. నూలు లేకపోతే మగ్గం ఆగిపోతుంది. ఆ చప్పుడు ఆగితే నాన్నను తన చేతులతో మళ్ళీ ఒకసారి చంపినట్టేనని ఆమెకు భయం. ఆ భయంతో ఆమెకు అన్నం సయించడం లేదు.

నాలుగోనాడు పొద్దున్నే పిచ్చయ్యగారు చెప్పాపెట్టకుండా వాళ్ళింటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి, "నెయ్యమ్మా, చూస్తాను" అన్నారు.

ఆమె మగ్గం గుంటలోకి కాళ్ళు జార్చి కూర్చుంది. బీరయ్య ఆరడుగుల మనిషి. ఆ గుంట ఆయన కాళ్ళ కొలతకు తవ్వింది. సామ్రాజ్యం పొట్టిది. అడుగునున్న తొక్కుడు చెక్కలు అందక, గట్టు అంచుకు జరిగి, మునివేళ్ళతో తొక్కుతోంది. తొక్కినప్పుడల్లా మనిషి కిందికి జారుతోంది. జారి లేచి అచ్చుపలకతో కొట్టే దెబ్బ ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా పోగు మీద పడుతోంది. పది పోగులు నేసేసరికి నడుం పట్టుకుంది.

"ఆ గుంట ఎవరి కొలతమ్మా?"

"నాన్నదండి."

"కూర్చుంది ఎవరు?"

సామ్రాజ్యం కాళ్ళు పైకి తీసుకుంది. "నాకు తెలవదా అండీ? జానెడు మన్ను పోస్తే సరిపోద్ది. పొయ్యలేను" అంది. చెక్కలు పక్కకు జరిపి చూపించింది. అడుగు మట్టిలో రెండు మడమల గుంటలు నున్నగా ఉన్నాయి. నలభయ్యేళ్ళు ఒకే మనిషి తొక్కితే పడిన గుంటలు అవి. పది నెలలుగా వాటి చుట్టూ అలికింది తప్ప వాటి మీద చెయ్యి పడనివ్వలేదు. ఇల్లంతా వెతికినా తండ్రి ఒంటిది అంటూ మిగిలిన ఆనవాలు ఆ రెండే.

పిచ్చయ్యగారు వాదించలేదు. మెల్లగా గుంటలోకి దిగి, పక్క గోడను చేత్తో తడిమారు. అడుగునుంచి జానెడు పైన గోడ చుట్టూ ఒక గీత ఉంది. ఆ గీతకు పైన పాత అలుకు, నున్నగా. కిందంతా గడ్డపార గాట్లు.

"ఈ గాట్లు చూశావా ఎప్పుడన్నా?"

సామ్రాజ్యం వంగి చూసింది. ఇదే గుంటలో కూర్చుని నేసిన తాత చనిపోయిన ఏడాది, బీరయ్య మూడు రోజులు అన్నం ముట్టకుండా దీన్ని ఇంకా లోతుగా తవ్వాడని అమ్మ చెబుతుండేది. అంత మొండివాడు మీ నాన్న అని నవ్వుతూ చెప్పేది. సామ్రాజ్యం కూడా నవ్వుతూనే వినేది. ఆ మూడు రోజులూ ఆయన గడ్డపారతో దేన్ని పెళ్ళగించాడో ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

"మీ తాత మడమలు ఏవమ్మా?" అని అడిగారు పిచ్చయ్యగారు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. కర్మ చేసిన పదకొండు రోజుల్లో కూడా అంత ఏడవలేదు. పిచ్చయ్యగారు గట్టు మీద కూర్చుని ఊరుకోబెట్టకుండా ఊరుకున్నారు.

మధ్యాహ్నానికి ఆమే లేచింది. పెరట్లోంచి గంపతో మన్ను తెచ్చింది. మొదటి గంప గుమ్మరించడానికి చేతులు రాలేదు. గుంట అంచున చాలాసేపు నిలబడి, చివరికి కళ్ళు మూసుకుని ఒంపేసింది. కుడి మడమ గుంట నిండింది. రెండో గంపకు ఎడమది కూడా నిండింది. నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, జానలతో తన కాలి కొలత చూసుకుంది. ఇప్పుడు అరికాలు పూర్తిగా ఆనుతుంది. అయినా మొహంలో కళ లేదు. నాన్న ఇవాళే పోయినట్టుంది ఆమెకు.

గట్టు మీద కూర్చుని కిందికి చూస్తూ, "అడుగున నాన్న పాదాలుండాయండీ. వాటి మీద కాలు పెట్టమంటారా?" అంది.

పిచ్చయ్యగారు చెంబు తీసుకుని చేతులు కడుక్కున్నారు.

"ఇవాళ కాదమ్మా. తడి ఆరాక పెట్టు."