కావేరి తల మీద ఒట్టు

"తాగుడు మానినవాళ్లు మన మఠంలో ఎంతమంది లేరు, సామీ? పేకాట మానలేనివాడికి ఆ పాటి పౌరుషం ఎందుకుండదు?" అని లింగమూర్తి మఠాధిపతి గవిసిద్ధప్ప స్వామిని అడిగాడు. అడిగిన తీరులో సందేహం తక్కువ, తీర్పు ఎక్కువ.

రాయదుర్గం పక్కన గుట్ట కింద ఉన్న ఆ మఠానికి ప్రతి గురువారం తాగుడు మానాలనుకునేవాళ్లు వస్తారు. వాళ్ల చేత ఒట్టు వేయించే పని లింగమూర్తిది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు సారా వాసన లేకుండా గ్రౌండులో అడుగుపెట్టేవాడు కాదు. ఈ మఠంలోనే కన్నకొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆ పూట నుంచి మళ్లీ ముట్టుకోలేదు. తనకు పనిచేసిన మందు లోకమంతటికీ పనిచేయాలని ఆయన పట్టు. పనిచేయలేదంటే తప్పు మందుది కాదు, మింగినవాడిది. స్వామి ఈ ఒట్లలో తలదూర్చేవాడు కాదు. వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా అని అడిగేవాడు. చేతులు వణుకుతున్నవాళ్లను బళ్లారి ఆసుపత్రికి పొమ్మనేవాడు. జనానికి మాత్రం ఒట్టే కావాలి. అది ఉచితం, పైగా నలుగురూ చూస్తుండగా అయిపోతుంది.

లింగమూర్తి అడిగింది తిప్పేస్వామి గురించి. జీన్సు ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో అతను కటింగ్ మాస్టరు. పొరలు పొరలుగా పేర్చిన గుడ్డను గీత తప్పకుండా కోస్తాడని పేరు. ఆ చేతిలోకి ఫోను వచ్చింది, ఫోనులోకి పేకాట వచ్చింది. జీతం, చీటీ, భార్య మారెక్క కుట్టుమిషను ఒకదాని వెనక ఒకటి అందులోకి పోయాయి. కిందటి నెల మారెక్క అతన్ని మఠానికి లాక్కొచ్చింది. నాలుగో తరగతి చదివే కూతురు కావేరిని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఒట్టుకు పిల్ల తల కావాలి కదా.

ఆ రోజు తిప్పేస్వామి ఏదో చెప్పబోయాడు. గెలవాలని ఆడడం ఎప్పుడో పోయిందనీ, గెలిచినా ఆ డబ్బు మళ్లీ ఆటలోకే పోతుందనీ, ఆట ఆగితే ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుందనీ గొణిగాడు. కథలు చెప్పొద్దని లింగమూర్తి కసిరాడు. అతని చెయ్యి పట్టుకుని కావేరి నెత్తిన పెట్టించి, వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు: "మళ్లీ ఆడితే ఈ పిల్ల నీకు దక్కదు. అర్థమైందా?" తిప్పేస్వామి ఏడ్చాడు. మారెక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇక బాగుపడతాడులే అని చుట్టూ ఉన్నవాళ్లు అనుకున్నారు. ఒట్టు వేసినవాణ్ణి అందరూ చూశారు. ఒట్టు ఎవరి మీద పడిందో ఆ పిల్లను ఒక్కరూ చూడలేదు.

ఆ తర్వాత తిప్పేస్వామి ఎలా ఉన్నాడని మఠం నుంచి ఎవరూ కబురు పెట్టలేదు. ఆట నడిపేవాళ్లు పెట్టారు. అతను ఆ ఒక్క పూట ఆటలో కనపడకపోయేసరికి, మీరు లేక వెలితిగా ఉంది, మీ కోసం కొంత సొమ్ము ఉచితంగా వేసి ఉంచాం, వచ్చి ఒక్క ఆట ఆడి పొండి అని చక్కటి తెలుగులో ఫోనుకు మెసేజ్ పంపారు. జబ్బు మనిషి ఆచూకీ అంత శ్రద్ధగా కనుక్కున్నది వాళ్లొక్కరే. తిప్పేస్వామి కార్ఖానా మరుగుదొడ్డిలో ఫోనుతో దొరికాడని ఈ ఉదయమే లింగమూర్తికి తెలిసింది. అందుకే ఆ ప్రశ్న.

స్వామి ఇంకా నోరు విప్పకముందే మఠం ముందు ఆటో ఆగింది. మారెక్క దిగింది. వెనకాలే, దుప్పటి చుట్టిన కావేరిని ఎత్తుకుని తిప్పేస్వామి దిగాడు. పిల్లను అరుగు మీద పడుకోబెట్టి, తను గోడ వారన నిలబడ్డాడు.

పిల్లకు జ్వరం తగ్గడం లేదని మారెక్క చెప్పింది. ఊళ్లోని ఆరెంపీ డాక్టరు ఇచ్చిన మాత్రలు నోట్లో వేస్తే ఉమ్మేస్తోందట. ఎందుకే అని చెయ్యెత్తితే, "నాయన ఆడినాడు కదమ్మా, ఇంక మాత్ర ఎందుకు?" అందట. నీళ్ల ట్యాంకు చాటున నాయన ఆడుతుంటే ఎప్పుడో చూసింది. అమ్మకు తెలిస్తే ఏడుస్తుందని ఎవరికీ చెప్పలేదు. తన రంగు పెన్సిళ్లు పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. అడిగితే, నాకు పని లేదు కదా అందట.

తిప్పేస్వామి గోడకు జారి కూలబడ్డాడు. "ఆ పొద్దు పాప తలనూనె నా చేతికి ఇంకా ఉండె సామీ," అన్నాడు. "ఆ చేత్తోనే ఫోను తెరిచినా."

లింగమూర్తికి ఒళ్లు మండిపోయింది. పశువు కూడా తన దూడను తొక్కదన్నాడు. నేను తాగుబోతునై ఉండి మానలేదా, నీది మనిషి పుట్టుకేనా అన్నాడు. అలా కొంతసేపు తిట్టి, న్యాయం చెప్పమన్నట్టు స్వామి వైపు తిరిగాడు. "కన్నబిడ్డ మీద ఒట్టేసి తప్పిన నాయాలికి మందేముంది సామీ?"

స్వామి కావేరి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాడు. తల తిప్పలేదు.

"ఈ పిల్లకు మాత్రం మందెందుకు మూర్తీ? ఒట్టు వేయించు."

లింగమూర్తికి అర్థం కాలేదు.

"రేపటి నుంచి జ్వరం తెచ్చుకోనని ఒట్టు వేయించు. నీకు చేతనైన పనే కదా."

ఆ మాటలో నవ్వు లేదు. లింగమూర్తి ఏదో అనబోతుండగా కావేరి దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసింది. పెద్దవాళ్లు చెప్పింది చేసే పిల్ల. "ఎవరి నెత్తిమింద పెట్టాల సామీ?" అని అడిగింది.

"సార్ నెత్తిమింద పెట్టు తల్లీ. వంగు మూర్తీ."

గురువు చెప్తే ఎదురాడే అలవాటు లింగమూర్తికి లేదు. వంగాడు. కాలుతున్న అరచెయ్యి వచ్చి బట్టతల మీద ఆనింది. "రేపటికి నీ జ్వరం తగ్గకపోతే ఈ సార్ మనకు దక్కడు. అర్థమైందా?" అన్నాడు స్వామి. ఒట్టుకు జ్వరం తగ్గదనీ, దానికి ఎవరూ చావరనీ తెలియనంత మూర్ఖుడు కాడు లింగమూర్తి. అయినా ఆ పిల్ల ఒంట్లో ఏం జరుగుతుందో ఆ పిల్ల చేతిలో లేదు. తన ప్రాణం మాత్రం తెచ్చి ఆ చేతి కింద పెట్టారు. ఆయన చటుక్కున తల వెనక్కి లాక్కున్నాడు. కావేరి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"భయపడొద్దు సార్," అంది కావేరి. "నేను గట్టిగా ప్రయత్నం చేస్తా."

స్వామి ఆ చెయ్యి తీసుకుని దుప్పట్లో పెట్టాడు. "ఒట్టూ లేదు, ఏమీ లేదు తల్లీ. సార్‌కు ఏం కాదు, నీకూ ఏం కాదు. నీ జ్వరం సంగతి డాక్టరు చూసుకుంటాడు," అని చెప్పి, ఆటో పోనివ్వొద్దని కేకేశాడు. లేవడానికి మనసొప్పక గోడ దగ్గరే కూర్చున్న తిప్పేస్వామిని చూపించి, "వాణ్ణి కూడా ఎక్కించు. ఇద్దరు రోగులు," అన్నాడు.

బళ్లారి ఆసుపత్రిలో కావేరిని టైఫాయిడ్ అని చేర్చుకున్నారు. తిప్పేస్వామిని మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయే పని స్వామి లింగమూర్తికే అప్పగించాడు. ఆమె తిట్టలేదు. ఎప్పటి నుంచి ఉంది, ఏ వేళప్పుడు ఎక్కువవుతుంది, ఆపితే ఒంట్లో ఎలా ఉంటుంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది. కాస్త ముందు పక్క వార్డులో కావేరి గురించి ఇంచుమించు ఇవే ప్రశ్నలు వేశారు. తిప్పేస్వామి చీమల సంగతి మళ్లీ చెప్పాడు. ఈసారి చివరి దాకా చెప్పనిచ్చారు. ఇది తాగుడు లాంటి వ్యసనమేననీ, వైద్యం ఉందనీ ఆమె అంది. వారం వారం వచ్చి కూర్చుని మాట్లాడాలి. నెట్టు లేని చిన్న ఫోను వాడాలి. జీతం మారెక్క చేతికి రావాలి. మళ్లీ ఆడితే దాచకుండా మర్నాడే రావాలి.

"మళ్లీ ఆడితే" అన్న మాట లింగమూర్తికి మింగుడుపడలేదు. ఇదేం వైద్యం, ఆడుకోమని ముందే సెలవిచ్చినట్టుంది అనుకుంటూ బయటికి వచ్చాడు. జ్వరం తిరగబెడితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని పిల్లల డాక్టరు మారెక్కకు చెప్తుండడం అప్పుడు ఆయన చెవిన పడింది. స్వామితో అందామనుకున్న మాట అనలేదు.

పిల్లకు జ్వరం దిగాక స్వామి, లింగమూర్తి ఇద్దరూ వార్డుకు వెళ్లారు. కావేరి దిండుకు ఆనుకుని బ్రెడ్డు పాలలో ముంచుకు తింటోంది. మారెక్క మంచం పక్కన ఉంది. తిప్పేస్వామి కాళ్ల దగ్గర నిలబడ్డాడు, కూర్చోవచ్చో లేదో తెలియనివాడిలా. లింగమూర్తి పిల్లను ఎలా ఉన్నావని అడిగాడు. ఆమె బ్రెడ్డు పక్కన పెట్టింది.

"మా నాయన మళ్లీ ఆడితే నేను చచ్చిపోతానా సార్?"

"లేదమ్మా," అన్నాడు లింగమూర్తి. అది ఆయనకే సరిగా వినపడలేదు.

"మరి ఆ పొద్దు అట్లన్నారే?"

పక్క మంచం మీది ముసలమ్మ ఇటు తిరిగింది. మారెక్క తల దించుకుంది. లింగమూర్తి స్వామి ముఖంలోకి చూశాడు.

"నన్ను చూస్తావేం? అడిగింది నిన్ను," అన్నాడు స్వామి. "ఆ పొద్దు ఎంత గట్టిగా చెప్పినావో, అంత గట్టిగా చెప్పు."