మల్లె పౌరుషం, బిళ్ళగన్నేరు పంతం

ఒకప్పుడు బిళ్ళగన్నేరు ఆకు తియ్యగా ఉండేది. దాని పువ్వుకు కమ్మటి వాసన ఉండేది. కానీ వానాకాలంలో మాత్రమే పూసేది. మల్లె అలా కాదు. పన్నెండు నెలలూ కొమ్మకొమ్మకూ మొగ్గలే.

ఈ రెండూ ఓబులక్క పెరట్లో పక్కపక్కనే ఉండేవి. ఓబులక్కకు నలుగురు పిల్లలు. అయినా బిళ్ళగన్నేరును ఐదో బిడ్డ అనేది, మల్లెను ఆరో బిడ్డ అనేది. రోజూ ఊటబావి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, దీనికొక కడవ, దానికొక కడవ పోసేది. ఎండ ముదిరితే పైన తాటాకు పందిరి వేసేది. కష్టమంటే ఏమిటో ఆ రెండింటికీ తెలియదు.

ఒక ఏడు వాన పడలేదు. మరుసటి ఏడూ పడలేదు. ఊటబావి అడుగంటింది. పొద్దున పోయి మధ్యాహ్నం దాకా వరసలో నిలబడితే దొరికేది ఒకే ఒక్క కడవ. అది ఇంటిల్లిపాదీ తాగడానికే చాలదు. గిన్నెలు కడిగిన నీళ్ళు ఒక చెంబెడు మిగిలేవి. ఓబులక్క ఆ చెంబే సగం అటు, సగం ఇటు పోసేది.

రెండూ వాడిపోయాయి.

సూర్యుడు పైనుంచి చూసి పకపకా నవ్వాడు. “పందిరి కింద పెరిగిన పాపాయిలు! ఒక్క నెల చాలు, మీ ఇద్దరినీ పొయ్యిలో పుల్లలు చేస్తా.”

ఓబులక్క అత్త ఎర్రమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉంది.

“ఓబులా, ఇట్లయితే రెండూ చస్తాయి. ఒకదాన్ని పీకెయ్యి. ఒకటన్నా బతుకుతాది” అంది.

“ఏది పీకేది అత్తా? నాకు చేతులు రావడం లేదు.”

“మల్లె అయితే రోజూ జడలోకి వస్తాది. బిళ్ళగన్నేరు ఏడాదికి ఒక్కసారి పూస్తాది. ఇంక చెప్పేదేముంది?”

ఓబులక్క కళ్ళు తుడుచుకుంటూనే బిళ్ళగన్నేరును పీకింది. “ఏమనుకోవద్దు తల్లీ” అని గోడ అవతలికి విసిరింది.

బిళ్ళగన్నేరు రాళ్ళకుప్ప మీద వెల్లకిలా పడింది. దానికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

“నన్నా పీకేది? ఇక నాకు ఎవరి చెంబూ వద్దు. ఎవరి పందిరీ వద్దు. నేను చావను. చావను గాక చావను!”

వేళ్ళను ఈడ్చుకుంటూ పోయి గోడ రాళ్ళ సందులో దూర్చింది.

“ఇక్కడ పిడికెడు మట్టి కూడా లేదే, పో!” అంది రాయి.

“పిడికెడు లేకపోతే చిటికెడు చాలు. నువ్వు కాస్త జరుగు!”

రాయి జరగలేదు. బిళ్ళగన్నేరూ జరగలేదు. నాలుగో రోజుకు వేరు పట్టింది.

అంతలో ఒక మేక వచ్చింది. తియ్యటి ఆకు కదా, ఒక కొమ్మ కరకరా నమిలి, “రేపు కూడా వస్తా” అని చెప్పి మరీ పోయింది.

బిళ్ళగన్నేరు భూమిని పిలిచింది. “అమ్మా, నాకు చేదు కావాలి.”

“ఊరికే రాదు. నీ వాసన నాకిచ్చెయ్యాలి” అంది భూమి. “వాసన లేని పువ్వును ఎవరూ జడలో తురుముకోరు. బాగా ఆలోచించుకో.”

“జడలో తురుముకునేవాళ్ళే నన్ను పీకి పారేశారు. తీసుకో!”

భూమి వాసన తీసుకుంది. వేరు నుంచి ఆకు కొస దాకా చేదు నింపింది. మర్నాడు మేక వచ్చి ఒక్క ఆకు కొరికింది. “థూ! థూ!” అంటూ తలకాయ విదిలించుకుని పారిపోయింది.

ఆ రోజే బిళ్ళగన్నేరు వాన కోసం కాచుకోకుండా, మిట్టమధ్యాహ్నం పూసింది. ఎర్రటి ఎండలో ఐదు రేకుల గులాబిరంగు పువ్వు.

సూర్యుడికి కోపం వచ్చింది. “నీకు నీళ్ళెవరు పోస్తున్నారే?”

“ఎవరూ పొయ్యలేదు. నువ్వు కాలుస్తూ ఉండు, నేను పూస్తూ ఉంటా. ముందు ఎవరు అలిసిపోతారో చూద్దాం!”

గోడకు ఇవతల మల్లె పరిస్థితి ఏమీ బాగోలేదు. చెంబెడు నీళ్ళూ దానికే పోస్తున్నారు. కానీ మొగ్గ తొడగకుండా ఉండటం దానికి చేతకాదు. తాగిన ప్రతి చుక్కా మొగ్గలకే పోయేది. ఆ మొగ్గలేమో నల్లగా మాడి రాలిపోయేవి.

“అక్కా, నేను చచ్చిపోతున్నా” అంది మల్లె సన్నటి గొంతుతో.

గోడ అవతలి నుంచి కేక వచ్చింది. “నీ కోసం నన్ను పీకారు. ఇప్పుడు నువ్వూ చస్తే నాకెంత మంటగా ఉంటుంది! మొగ్గలు మానెయ్. ఆకులు రాల్చెయ్. కళ్ళు మూసుకుని వేరును గట్టిగా పట్టుకో.”

“నీ అంత మొండితనం నాకు లేదక్కా.”

“లేకపోతే ఈ రోజు నేర్చుకో!”

మల్లె పళ్ళు బిగించింది. మొట్టమొదటిసారి మొగ్గ మానేసింది. చలికాలం వచ్చేసరికి ఒక్క ఆకు లేకుండా పుల్లలా నిలబడింది.

“చచ్చింది. కొట్టి పొయ్యిలో పెట్టు” అంది ఎర్రమ్మ.

ఓబులక్క కత్తి తీసుకుని కొమ్మలు కోసింది. ఒక కోత దగ్గర ఆగిపోయింది. “అత్తా! లోపల పచ్చగా ఉంది! దీన్ని ఇంకెవరూ ముట్టొద్దు!”

మల్లె మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, పశువుల ఎరువు వేసి, చెంబెడు నీళ్ళు పోసింది. తర్వాత, ఇది బతికితే అదీ బతికి ఉంటుందేమోనని గోడ అవతలికి పరుగెత్తింది. రాళ్ళ సందులో బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది.

“ఇంటికి రా తల్లీ. తప్పయిపోయింది” అంది ఓబులక్క.

“రాను. ఇప్పుడు నీ కడవ నీళ్ళు నాకు పడవు, వేళ్ళు కుళ్ళిపోతాయి. నన్ను చూడాలనిపిస్తే నువ్వే ఇక్కడికి రా. నా పిల్లలు మాత్రం వాళ్ళకు ఇష్టమైన చోట మొలుస్తారు. నువ్వు పిలవక్కర్లేదు, పీకితే ఊరుకోరు!”

ఓబులక్క తల వంచుకుంది.

ఎండలు ముదిరాయి. కాకులు కూడా నీడకు పోయాయి. అప్పుడు, కోసిన ప్రతి కొమ్మ నుంచీ మల్లె నాలుగేసి చిగుళ్ళు వేసింది. ప్రతి చిగురుకూ తెల్లటి మొగ్గలు.

సూర్యుడు తెల్లబోయాడు. “ఇంత మంటలో పూస్తావా?”

“నువ్వు ఎప్పుడు ఎక్కువ మండితే అప్పుడే పూస్తా. కోస్తే ఇంకా పూస్తా. నీ ముఖం చూసి మాత్రం విచ్చుకోను. నువ్వు కొండ అవతలికి దిగాకే నా రేకు విప్పుతా!”

సాయంత్రం సూర్యుడు దిగిపోగానే పెరడంతా గుప్పుమంది.

అప్పటినుంచే మల్లె చలికాలమంతా ముడుచుకుని ఉంటోంది. కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్ళు పెడితే, నడివేసవిలో, పొద్దువాలాక విరగబూస్తోంది. బిళ్ళగన్నేరుకు మాత్రం ఏ సేవా అక్కర్లేదు. అది గోడ పగుళ్ళలో, గుమ్మం పక్కన, ఎవరూ నాటని చోట తనంతట తాను మొలిచి, మేకకు లొంగక, ఎండకు జంకక, పన్నెండు నెలలూ పూస్తూనే ఉంది.