కనకవల్లి గారి జవాబు పత్రం

ఓబులేసుకు లెక్కలంటే ప్రాణం. ఆ లెక్కలే ఇప్పుడతని ప్రాణం మీదికి తెచ్చాయి.

పీహెచ్‌డీలో చేరినవాళ్ళు క్వాలిఫయింగ్ పరీక్ష గట్టెక్కితేనే పరిశోధన. రెండుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు. ఓబులేసు ఒకసారి తప్పాడు. డిఫరెన్షియల్ జామెట్రీ పేపర్లో మొదటి ప్రశ్న దగ్గర ఇరుక్కుని, దాన్నే పట్టుకుని గంట కొట్టేదాకా కూర్చున్నాడు మహానుభావుడు. మిగతా ప్రశ్నలు చదవనైనా లేదు. వాటిలో సగం అతను తోటివాళ్ళకు నేర్పినవే.

ఆనాటి నుంచి పుస్తకం తెరిస్తే గుండెదడ. ఆ సబ్జెక్టు నిండా ఉండే మానిఫోల్డులంటే దగ్గర నుంచి చూస్తే చదునుగా, మొత్తంగా చూస్తే వంపులు తిరిగి ఉండే ఆకారాలు. ఓబులేసుకు చదునైన చోటు కనిపించడమే మానేసింది. ఒక్క లెక్క దగ్గర ఆగితే చాలు, 'నేను మొద్దును' అనుకుని పుస్తకం మూసేసేవాడు. తిండి సహించదు. అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఎత్తడు. ఏమని చెప్పాలి?

పరీక్ష వారం ఉందనగా తన గురువు కనకవల్లి గారి గదికి వెళ్ళాడు.

"ఊరికి పోతా మేడమ్. నాతో కాదు."

ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఆ సబ్జెక్టే చెబుతున్నారు. ధైర్యం చెబుతారనుకున్నాడు, చెప్పలేదు. పోనీ తిడతారేమో అనుకున్నాడు, తిట్టనూ లేదు. బీరువా తెరిచి, వేరే యూనివర్సిటీల పాత ప్రశ్నపత్రాల కట్ట తీసి బల్లమీద పడేశారు.

"నువ్వూ నేనూ చూడనిది ఒకటి తియ్యి."

తీశాడు. ఆవిడ దానికి ఇంకో జెరాక్స్ తీసుకొచ్చి, తలుపు గడియపెట్టి, అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మీరెందుకు మేడమ్?"

"మాట్లాడకూడదు. పరీక్ష మొదలైంది."

ఓబులేసు మొదటి ప్రశ్నకే చతికిలబడ్డాడు. కాసేపు తెల్లకాగితాన్ని చూశాడు. తర్వాత సిగ్గు వదిలేసి ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ రాస్తున్నారు, ఆగుతున్నారు, కొంగుతో నుదురు తుడుచుకుంటున్నారు. ఒకచోట పేజీ అంతా అడ్డంగా కొట్టేశారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ కొట్టేశారు. అంత పెద్దావిడ గోళ్ళు కొరుక్కోవడం అతనెన్నడూ చూడలేదు. ఈవిడకే రాకపోతే ఇక తానెంత? ఉన్న కాస్త ఆశా నీరుగారిపోయింది.

మూడు గంటలూ పూర్తికాగానే ఆవిడ పెన్ను మూసి, కాగితాలు అతని ముందుకు తోశారు.

"దిద్దు."

"నేనా!"

"నా పేపరు నేనే ఎలా దిద్దుకుంటాను?"

మొదట బెరుగ్గా దిద్దాడు. ఆ తర్వాత లెక్కలో పడి బెరుకు మరిచిపోయాడు. మొదటి ప్రశ్న చక్కగా ఉంది. రెండోదానిలో ఉపరితలానికి లోపలివైపును బయటివైపుగా తీసుకోవడంతో ప్లస్ రావాల్సిన చోట మైనస్ పడింది. అక్కణ్ణించి చివరిదాకా తప్పే. మూడోది సగందాకా వచ్చి, "ఇంతవరకే తెలిసింది. తర్వాత తోచలేదు" అని రాసి, గీత గీశారు. గీత కింద నాలుగో ప్రశ్న మొదలైంది.

ఓబులేసు ఎర్ర పెన్ను ఆ గీత దగ్గర ఆగిపోయింది. చాలాసేపటికి గానీ పేజీ తిప్పలేకపోయాడు.

చివరికి మార్కులు కూడాడు. నమ్మకం కలగక మళ్ళీ కూడాడు.

"ఎంతొచ్చింది?"

"మేడమ్, ఆ మూడోదానికి ఇంకాస్త వేస్తే..."

"న్యాయంగా ఎంత?"

అతను మూడోసారి కూడబోయాడు. ఆవిడ ఊరుకోలేదు, చూస్తూనే ఉన్నారు.

"పోయింది మేడమ్," అన్నాడు. అంటుంటే అతనికే ఏడుపొచ్చింది.

కనకవల్లి గారి ముఖం చిన్నబోయింది. దాన్ని దాచుకోవాలని ఆవిడ చూడలేదు. తప్పుపడిన ఆ మైనస్ గుర్తును కాసేపు చూసుకుని, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని లేచారు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ అన్నారు:

"రేపు పొద్దున్నే వచ్చేయ్ ఓబులేసూ. ఇద్దరం తప్పాం కదా, మళ్ళీ రాద్దాం."