రోహిణి చివరి వారపు చలిపందిరి గౌరి కథ

అందరూ అక్షింతలు చేతబట్టుకొని మనసు ఇటు పెట్టి వినవలెను. ఈ కథ ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడే చెప్పదగినది గనుక, పెరట్లో ఉన్నవారినీ వంటింట ఉన్నవారినీ పిలువుడు. పొయ్యిమీది పప్పు కాసేపు ఆగినంత మాత్రాన మునిగిపోయినది లేదు.

పూర్వము శాండిల్య మహాముని గాలవ మహర్షిని దర్శించి, ధనవంతులు చేయు దానములు పెక్కు వింటిననియు, పేదవాడు సైతము భార్యాబిడ్డలతో కూడి తన చేతులతో చేయదగిన వ్రతమేదైన కలదా యనియు అడిగెను. గాలవుడు మిక్కిలి సంతసించి ఇట్లు చెప్పెను.

"శాండిల్యా, మంచిమాట అడిగితివి. ఎండలు మొదలుకాగానే చలిపందిరి వేయువారు ఊరూరా కలరు. అప్పుడు అందరికీ హుషారే. రోహిణి కార్తె చివరి వారము వచ్చుసరికి నీరు అడుగంటును, ఓపిక అంతకుముందే అడుగంటును. అందుచేత చలిపందిరి గౌరికి ఆ కడపటి వారమే ప్రీతి. కొత్త కడవకు పసుపు రాసి, తడి ఇసుకమీద నిలిపి, అందు గౌరిని ఆవాహన చేయవలెను. కూలివారిచేత గాక ఇంటివారే నీళ్లు పోయవలెను. వచ్చినవారిని నీవెవరవని అడుగరాదు. బాటసారి త్రాగనిదే తాము త్రాగరాదు. మృగశిర ప్రవేశించువరకు పందిరి విప్పరాదు, కడవ బోర్లించరాదు. ఈ వ్రతమువలన చెంచమ్మ యను ఇల్లాలు తన ఇంటిని ఎట్లు నిలుపుకొన్నదో చెప్పెదను, వినుము."

కొండల నడుమ కనుమదారి మొదట చింతకనుమ యను పల్లె కలదు. అచట తిప్పయ్య యను రైతు తమలపాకు తోటతో సుఖముగా జీవించుచుండెను. అతని తల్లి ఓబులమ్మ, భార్య చెంచమ్మ, తమ్ముడు, బిడ్డలు అందరును ఆ తోటనే నమ్ముకొనియుండిరి. తిప్పయ్య తండ్రి ఏటేటా బండ్లబాట పక్కన చలిపందిరి వేసి వ్రతము చేసెడివాడు. ఆ పుణ్యమున తోటలోని బావి ఎంత కరవునందును మెట్టు దిగి ఎరుగదు.

తండ్రి పోయిన పిమ్మట ఒక వేసవిలో తమ్ముని పెండ్లి కుదిరెను. రోహిణి చివరి వారమున ఒక జల్లు పడెను. తిప్పయ్య ఆకాశము చూచి, వాన రానేవచ్చెను, ఇంక ఎవరికి దప్పిక యని పలికి, చలిపందిరి వాసాలూ తాటాకులూ విప్పించి పెండ్లిపందిరికి వేయించెను. కడవలను బోర్లించెను. మృగశిర కార్తె ఇంకను రాలేదు గదా అని చెంచమ్మ మెల్లగా అన్నది. అత్త ఒక చూపు చూచేసరికి ఆమె నోరు మూతపడెను.

మరునాడు ఎండ రెట్టింపై కాసెను. పెండ్లి భోజనములవేళ ఒక ముదుసలి మూటతో వచ్చి నీళ్లడిగెను. ఆడపెండ్లివారి పంక్తి లేచువరకు ఆగుమని ఒకరు, పక్కింట అడుగుమని మరొకరు చెప్పిరి. ఆమె బోర్లించిన కడవలవంక చూచి వెళ్లిపోయెను. చెంచమ్మ చెంబు పట్టుకొని బాటవెంట పరుగెత్తెను గాని ఎచటను ఆమె జాడ కానరాలేదు.

అది మొదలు బావి నీరు దిగజారెను. తీగలు చాలవరకు ఎండి ఊతకర్రలు మిగిలెను. పెండ్లిలో మూడుసార్లు వడ్డించుకొన్న చుట్టములు ఆ వీధిన పోవుట మానిరి. మరుసటి వేసవి రాగా, ఈ వేసవి దాటినచో సరే, లేకున్న ఇల్లు మూసి వలస పోవుటే గతియని తిప్పయ్య తల్లితో చెప్పెను. ఆ మాట చెంచమ్మ చెవిని పడెను. గౌరి కలలో కనపడి తప్పు తెలిపెనని కొందరు చెప్పుదురు. కల దేనికి? తప్పేమిటో ఆమెకు మొదటినుండి తెలిసియే యుండెను.

ఆమె ఆ వేసవిలో తాను పుట్టింటినుండి తెచ్చుకొన్న పాత పందిరిమంచపు కోళ్లు పాతి, పైన తాటాకు కప్పి, కనుమలోని ఊటనుండి కడవలు మోసి తెచ్చి వ్రతము పట్టెను. ఓబులమ్మ నడివీధిలో నిలబడి, "తీగలు మాడి సస్తావుంటే దోవన పోయేటోళ్లకు నీళ్లా? నీ తెలివి తెల్లారినట్లే ఉండాది!" అని దులిపెను.

"ఈ కడివెడు తోటలో పోస్తే ఒక మొదలు కూడా తడవదత్తా. ఈడ పోస్తే ఎందరి గొంతో తడుస్తాది" అని చెంచమ్మ బదులిచ్చి ముంత ముంచెను.

చివరి వారము వచ్చెను. మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలెను. పందిరి తీయుమని ఊరివారందరు చెప్పిరి. ఆమె విననేలేదు. ఒక మిట్టమధ్యాహ్నము తిప్పయ్య పొరుగూరిలో పని వెదకి, దొరకక, నాలుక పిడచకట్టి పందిరికి వచ్చెను. బండ్లవారినందరిని త్రోసుకొని, ముందు తనకు పోయుమనెను.

చెంచమ్మ తలెత్తక, "వరసన రాయ్యా. నీ ముందర శానామంది ఉండారు" అనెను.

బండ్లవారు పకపక నవ్విరి. తిప్పయ్య ముఖము కందగడ్డ చేసుకొని పోయి చివర నిలబడెను. తన వంతు వచ్చుసరికి కడవలో ముంతెడు నీరే మిగిలెను. దోసిలి పట్టెను. అంతలో వెనుక ఎవరో మూలిగిన చప్పుడాయెను. చూడగా కట్టెలమోపు నెత్తిన పెట్టుకొన్న అవ్వ, పెదవులు పగిలి, నిలువలేక కర్రను పట్టుకొని యుండెను. అతడు ఆమెవంక తిరిగెను. దోసిలి విడిచి, భార్య చేతి ముంత అందుకొని, ఆ నీరంతయు అవ్వకు పోసెను. ఆమె కడుపారా త్రాగి, కొంగుతో మూతి తుడుచుకొని, "సల్లగుండండి నాయనా" అని కనుమదారిన పోయెను. తిప్పయ్య కన్నీరు ఆపుకొనలేకపోయెను. దాహము సంగతి మరచి ఖాళీ కడవ భుజాన వేసుకొని ఊటకు నడిచెను. మరునాటినుండి తమ్ముడు, బిడ్డలు అందరును ముంత పట్టిరి.

మృగశిర ప్రవేశించిన ఉదయమున, బాటసారులు త్రాగిన పిమ్మట కుటుంబమంతయు కలిసి గౌరికి హారతి యిచ్చి కడవ బోర్లించిరి. అదే సమయమున తోటలో పిల్లలు కేకలు పెట్టిరి. పోయి చూతురుగదా, బావిలో ఊటలు బుసబుస పొంగి నీరు పైమెట్టు తాకుచుండెను! ఊరంతయు డప్పులతో వచ్చెను. తమలపాకు మునుపటికన్న నిగనిగలాడుచు మొలిచెను. చుట్టములకు దారి మరల గుర్తువచ్చెను.

అయితే కలిమి రాగానే ఓబులమ్మకు బుద్ధి పెడదారి పట్టెను. మరుసటేట చివరి వారమున ఆమె పెద్దమనుషులకని వట్టివేరు వేసిన చల్లని కొత్త కడవ ఒకటి, కూలినాలి జనమునకని వేడెక్కిన పాత కాగు ఒకటి వేరుగా పెట్టించెను. తాను కుర్చీ వేసుకొని అజమాయిషీ చేసెను. తెల్లవారుసరికి బావి నీరు ఉప్పు కషాయమై నోట పెట్టరాకుండెను. ఇంటివారు తెల్లబోయిరి.

 చెంచమ్మ ఊటనుండి నీరు తెచ్చి వట్టివేరు కడవ నింపి, ముంత అత్త చేతిలో పెట్టెను. ఓబులమ్మ ముంత పుచ్చుకొని లేచెను. తరువాత కుర్చీ అవతల పెట్టించి, పాత కాగు తీయించి, అందరిని ఆ ఒక్క కడవకే పిలిచెను. రాళ్లు కొట్టు స్త్రీలు దూరముననే ఆగిపోగా తానే బాటమీదికి పోయి, "రాండమ్మా, నా తల్లులారా, మీ తరువాతనే నేను తాగేది" అని చేతులు పట్టుకొని పిలిచి, నడుము నొప్పి యని చూడక ప్రొద్దు క్రుంకువరకు పోసెను. అందరి వెనుక అదే ముంతతో తాను త్రాగెను. అది తన జన్మలో త్రాగిన నీళ్లలోకెల్ల తీపియని ఆమె బ్రతికినంతకాలము చెప్పుకొనెను. బావి నీరు ఆ సాయంకాలమే తియ్యనాయెను. ఆ ఏటినుండి చింతకనుమలో ప్రతి ఇంటివారును పందిరి వేయగా, కనుమదారిన దాహముతో పడిపోయినవాడు లేడాయెను.

శాండిల్యా! బావి గలవారు, బాట పక్కన ఇల్లు గలవారు, అంగడి నడుపువారు, బండి తోలువారు, అత్తాకోడండ్రు, అన్నదమ్ములు, ఒకరితోనొకరు మాటలు మానినవారు సైతము ఈ వ్రతము చేయవచ్చును. చేసినవారి ఇంట నీరు తరుగదు, పైరు వాడదు, కలిసి భుజించు పంక్తి చెదరదు. కడవ లేనివారు చెంబుతో చేసినను ఫలము ఒక్కటే యని గాలవుడు చెప్పగా, శాండిల్యుడు సాష్టాంగపడెను.

కథ విన్నవారు అక్షింతలు గౌరిపై కొన్ని, తలపై కొన్ని వేసుకొందురు గాక. నైవేద్యపు పానకము ఇంకను ముట్టరాదు. ముందు వీధి తలుపు తీసి, ఎండలో నిలిచియున్న వారెవరో లోనికి పిలువుడు.