పన్నెండో కన్నం

సోమాచారి మాస్టారు ప్రశ్న అడగవచ్చినవాళ్ళకి కుర్చీ వెయ్యరు. చెప్పులు తొడుక్కుని "పద, చూద్దాం" అంటారు. ఐటీఐలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరు పని నేర్పి రిటైరైన మనిషి. నోటితో చెప్పింది చెవి దాటి పోదని ఆయన నమ్మకం. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక నాకు ఆ నమ్మకం మీద కొంచెం కోపం ఉండేది.

మా హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రసూన ఆయన శిష్యురాలు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పక్కింటి మాస్టారి దగ్గరే ఆకురాయి పట్టడం నేర్చుకుంది. ఆ ఏడు ఆమె పదో తరగతి పిల్లల్ని పన్నెండుమందిని పోగేసి మా బళ్ళో ఇంజనీరింగు క్లబ్బు పెట్టింది. విరిగిన బెంచీలు పడేసే గదిని హెడ్మాస్టరు గారు ఖాళీ చేయించి ఇచ్చారు గానీ, ఒక షరతు పెట్టారు. నెల తిరిగేలోగా విద్యాధికారి తనిఖీకి వస్తారు. ఆయన ముందు పనిచేసే వస్తువు ఒకటి కనబడాలి. లేదంటే బెంచీలు మళ్ళీ ఆ గదిలోకే పోతాయి.

పిల్లలు నీలం రంగు అక్షరాలతో క్లబ్బు పేరు బోర్డు కూడా రాసుకున్నారు. దాన్ని గుమ్మానికి కట్టడానికి మాస్టారిని పిలిస్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా రాశారమ్మా. ప్రస్తుతానికి గోడకి చేరెయ్యండి" అని వెళ్ళిపోయారు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేను స్టాఫ్ రూములో నవ్వాను కూడా.

వాళ్ళు ఎంచుకున్న పని మాత్రం మంచిదే. మా బళ్ళో మధ్యాహ్న భోజనం తర్వాత కంచాలు కడుక్కోవడానికి ఉన్నవి రెండే కుళాయిలు. వరస పదో తరగతితో మొదలై ఆరో తరగతితో ముగుస్తుంది. ఎవరు పెట్టారో తెలియదు, ఎప్పటినుంచో అదే ఆనవాయితీ. ఆరో తరగతి వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారు. ఆ చిన్నవాళ్ళు ఎండిన సాంబారు వేళ్ళతోనే నా పీరియడుకి వచ్చి కూర్చునేవారు. క్లబ్బు పిల్లలు ట్యాంకు నుంచి పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి గోడవెంట బిగించి, దానికి పన్నెండు కన్నాలు పెట్టారు. కన్నాలు వేసింది హైమావతి. డ్రిల్లు పట్టుకుంటే ఆ పిల్ల చెయ్యి వణకదు. గొట్టానికి కన్నాలు పెట్టినంతమాత్రాన ఇంజనీర్లయిపోతే మా ఇంట్లో జల్లెడ ఏనాడో అయిపోవాలని నేను ఆ రోజూ ఒక విసురు విసిరాను.

సోమవారం నీళ్ళు వదిలారు. పదో తరగతి ముందు నిలబడింది, నీళ్ళు ధారగా దూకాయి, బడంతా చప్పట్లు. హైమావతి గొట్టం పక్కన నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది. ప్రసూన ఒక్కతే వరస చివరిదాకా వెళ్ళి చూసింది. చివరి నాలుగు కన్నాల దగ్గర చుక్కలు తప్ప ఏమీ లేవు.

ఆ సాయంత్రమే ఆమె మాస్టారి దగ్గరకి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. "తనిఖీ శనివారమేనండి. ప్లంబరుతో సరిచేయించెయ్యగలను. కానీ పిల్లలు ఎంత గర్వంగా ఉన్నారో మీరు చూడలేదు. ఆ గర్వం విరగకుండా తప్పుని ఎలా చెప్పాలి మాస్టారూ?" అని అడిగింది. ఆయన చెప్పులకోసం వెతికారు. బడి మూసేశారని గుర్తు చేస్తే, "అయితే రేపు" అన్నారు.

మర్నాడు భోజనాల గంటకి వచ్చి, వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఒక్క మాట అన్నారు. "ఈ పూట వరస తిప్పమ్మా. చేసినవాళ్ళు చివర."

పిల్లలు నవ్వుకుంటూ చివరకి వెళ్ళారు. హైమావతి పన్నెండో కన్నం కింద కంచం పెట్టింది. ఒక చుక్క పడింది. ఆగి ఇంకోటి పడింది. ఆ పిల్ల ట్యాంకు వాల్వు దగ్గరకి పరుగెత్తి చూసి వచ్చింది. అది పూర్తిగా తెరిచే ఉంది. "నిన్న బాగానే వచ్చాయండీ!" అంది, ఏడుపు గొంతుతో.

మొదటి కన్నం దగ్గర కంచం కడుక్కుంటున్న ఆరో తరగతి పిల్ల తలెత్తింది. "నిన్న కూడా అక్కడ ఇంతేనక్కా."

"మరి చెప్పలేదేం?"

"మాకెప్పుడూ ఇంతే కదా అనుకున్నాం."

హైమావతి కంచం కింద పెట్టేసింది. మొదటి కన్నం దగ్గరకి వచ్చి, ఆ చిన్నపిల్ల ముందున్న కన్నాన్ని బొటనవేలితో నొక్కి చివరకి చూసింది. "రెండోది మూయండ్రా! మూడోది కూడా!" అని అరిచింది. వేళ్ళు పడ్డకొద్దీ చివర నీళ్ళు లేచాయి. కన్నాలు మరీ పెద్దవైపోయాయి, ముందువే అంతా తాగేస్తున్నాయి. ఎవరూ చెప్పకుండానే వాళ్ళకి అర్థమైంది. నాకు కూడా.

మిగతా మూడు రోజులూ వాళ్ళు ఆటల పీరియడు మానేశారు. పాత సైకిలు ట్యూబులు కోసి ఒక్కో కన్నం మీదా బిగించి కట్టి, కాల్చిన మేకుతో వాటికి సన్నటి బెజ్జాలు పెట్టారు. చూడటానికి అతుకుల బొంతే. రంగు వేయించమని హెడ్మాస్టరు గారు బతిమాలినా హైమావతి ఒప్పుకోలేదు.

శనివారం అధికారి గారు మొదటి కన్నం కింద చెయ్యి పెట్టి, "ఇంత సన్నగా వస్తున్నాయేమిటి?" అన్నారు.

వరస చివరనుంచి హైమావతి గొంతు వినిపించింది. "అక్కడ సన్నగా వస్తేనే ఇక్కడికి వస్తాయండి!"

ఆయన చివరిదాకా నడిచి వెళ్ళారు. వరసలో హైమావతికి ముందు నిలబడ్డ ఆరో తరగతి పిల్లలు కంచాలు కడిగేసుకుని వెళ్ళిపోతున్నారు. ఇంకా గంట కొట్టలేదు. ఆయన వాచీ చూసుకుని, ఆ పన్నెండో కన్నం దగ్గరే చేతులు కడుక్కున్నారు. గది క్లబ్బుకే ఉంచమని హెడ్మాస్టరు గారికి అక్కడే చెప్పేశారు. నా ఛాతీ ఉప్పొంగింది. నేను బిగించింది ఒక్క మేకైనా లేదు, అయినా ఉప్పొంగింది.

అందరూ వెళ్ళాక ప్రసూన, ఆ రోజూ వరండా స్తంభానికి ఆనుకుని చూస్తున్న మాస్టారి దగ్గరకి వచ్చి, "నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పనేలేదు" అంది.

హైమావతి అప్పటికీ గొట్టం చివరే నిలబడి, తడిచేతులు నడుం మీద వేసుకుని నీళ్ళకేసి చూస్తోంది. మాస్టారు ఆ పిల్లని చూస్తూ కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఆ బోర్డు తెప్పించమ్మా" అన్నారు. "మేకు నేను కొడతాను."